తెలిసిందంతా రాస్తే మార్కులు పడవు తమ్ముడూ

"అక్కా, మాది ఖమ్మం దగ్గర పల్లె. ఎం.ఏ. హిస్టరీ మొదటి సంవత్సరం, తెలుగు మీడియం. ఇంటర్నల్స్‌లో 'ఏథెన్స్ ప్రజాస్వామ్యం బానిసల శ్రమ మీదే నిలబడిందా? చర్చించండి' అని ఇచ్చారు. సోలన్ సంస్కరణల దగ్గర్నుంచి పెరిక్లీస్ నాయకత్వం దాకా ఏదీ వదల్లేదు, అడిషనల్స్ కూడా తీసుకున్నా. తీరా చూస్తే 20కి 8. పక్కన ఎర్ర పెన్నుతో 'కథ చెప్పావు, జవాబు లేదు' అని రాశారు. నాకన్నా తక్కువ పేజీలు రాసినవాళ్లకు 14 వచ్చాయి. సెమిస్టర్ పరీక్షలో గ్రీసుతో పాటు రోమ్ కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకేం చదవాలో చెప్పండి."

తమ్ముడూ, ఇంకేం చదవాలి అని అడిగావు చూడు, అసలు చిక్కు అక్కడే ఉంది. నీ ఉత్తరాన్ని బట్టి చూస్తే నీకు విషయం బాగానే తెలుసు. ప్రశ్న "నిలబడిందా?" అని అడిగింది, నువ్వు ఏథెన్స్ చరిత్ర మొత్తం చెప్పి, అవునో కాదో, ఎంతవరకో చెప్పకుండానే పేపర్ ఇచ్చేసి వచ్చావు. దిద్దేవాళ్ల వైపు నుంచి ఒకసారి ఆలోచించు. ఒక కట్టలో అందరూ అదే గైడు చదివి, అదే సోలన్, అదే క్లీస్తనీస్, అదే పెరిక్లీస్, అదే వరసలో రాస్తారు. అందులో ఒక పిల్లాడో పిల్లో మొదటి పేరాలోనే "ఇదీ నా జవాబు, ఎందుకంటే" అని మొదలుపెడితే ఆ పేపర్ దగ్గర పెన్ను ఆగుతుంది.

అందుకే కొత్త పుస్తకాల జాబితా ఇవ్వను. నీకు వచ్చిన ఆ ప్రశ్ననే తీసుకుని, నేనైతే ఎలా రాస్తానో చెప్తాను, పద్ధతి అందులోనే అర్థమవుతుంది.

ముందు మొదటి వాక్యం. "గ్రీకు నాగరికత పాశ్చాత్య నాగరికతకు పుట్టినిల్లు" అని మొదలుపెట్టావా? పెట్టే ఉంటావు, అందరూ పెడతారు. ఆ వాక్యం తీసేసి చూడు, వ్యాసానికి ఏమీ కాదు. దాని బదులు జవాబుతోనే మొదలుపెట్టు. ఉదాహరణకి ఇలా: "ఏథెన్స్ పౌరుల్లో ఎక్కువమంది తమ పొలం తామే దున్నుకునే చిన్న రైతులు, చేతివృత్తులవాళ్లు కాబట్టి, బానిసలు పనిచేస్తుంటే పౌరులు తీరిగ్గా కూర్చుని రాజకీయం చేశారన్న మాట నిలవదు. కానీ ప్రజాస్వామ్యాన్ని నడిపిన వెండి, నౌకాదళం, సంపన్నుల సంపద బానిసల శ్రమను వదిలి ఉండేవి కావు." రెండే వాక్యాలు. ఇక మిగతా వ్యాసమంతా ఈ రెండు వాక్యాలను నిలబెట్టడానికే. వీటికి పనికిరానిది ఏదైనా సరే, నువ్వు ఎంత కష్టపడి కంఠస్థం చేసినా సరే, రాయకు. క్లీస్తనీస్ అనే సంస్కర్త ఏర్పరచిన పది తెగలు, 500 మంది సభ్యుల కౌన్సిల్ గురించి ఒక పేజీ రాసి ఉంటావు కదా. ఈ ప్రశ్నకి అది ఒక్క వాక్యం కన్నా ఎక్కువ అక్కర్లేదు.

అదే సోలన్ మాత్రం కావాలి. ఎందుకు కావాలో చెప్పకుండా పెడితే మాత్రం మళ్లీ కథే అవుతుంది. క్రీ.పూ. 594లో సోలన్ అప్పుల కింద ఏథెన్స్ పౌరులను బానిసలుగా చేసుకోవడాన్ని ఆపేశాడు. నువ్వు అక్కడితో ఆపి "తర్వాత నాలుగు ఆస్తి వర్గాలు..." అంటూ వెళ్లిపోయి ఉంటావు. ఆగి అడుగు: సొంత ఊరివాణ్ని బానిస చేసుకోకూడదు అన్నాక, పెద్ద రైతులకు మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? బయటి నుంచి, కొనుక్కుంటే. థ్రేస్ నుంచి, కారియా నుంచి, నల్ల సముద్రం వైపు నుంచి. ఫిన్లీ అనే చరిత్రకారుడి వాదన సరిగ్గా ఇదే, గ్రీకు ప్రపంచంలో స్వేచ్ఛ, బానిసత్వం చేయీ చేయీ పట్టుకుని పెరిగాయని. ఈ ఒక్క ముక్క చెప్తే సోలన్ నీ వ్యాసంలో పని చేస్తాడు, లేకపోతే పేజీ నింపుతాడు.

తర్వాత వెండి. ఇది చాలామంది రాయరు, కానీ నీ వాదనకి ఇంతకన్నా గట్టి ఆధారం లేదు. ఏథెన్స్ వాళ్ల లారియాన్ వెండి గనుల్లో బానిసలు పనిచేసేవాళ్లు. క్రీ.పూ. 483 ప్రాంతంలో అక్కడ మంచి వెండి పొర దొరికింది, ఆ డబ్బు పౌరులకు పంచేద్దామని అనుకుంటుంటే థెమిస్టోక్లీస్ అనే నాయకుడు అడ్డుపడి ఓడలు కట్టిద్దామని ఒప్పించాడు. ఆ ఓడలతోనే 480లో సలామిస్ దగ్గర పర్షియన్లను ఓడించారు. ఓడలకు తెడ్లు వేసింది ఎక్కువగా ఆస్తి లేని పేద పౌరులు, అంటే థీట్‌లు. పేదలకు అన్ని హక్కులెందుకు అని విసుక్కునే ఒక అజ్ఞాత రచయిత (పాత పుస్తకాల్లో జెనోఫోన్ అనే గ్రీకు రచయిత పేరు మీద చెలామణీ అయింది, జెనోఫోన్ కాదు) కూడా, ఓడలు నడిపి పట్టణానికి బలం ఇచ్చేది వీళ్లే కాబట్టి వీళ్లకు వాటా దక్కడం న్యాయమేనని ఒప్పుకున్నాడు. ఇప్పుడు గొలుసు చూడు: బానిస తవ్విన వెండి, ఆ వెండితో ఓడలు, ఓడల వల్ల పేద పౌరుడికి గొంతు. బానిసలు పనిచేస్తే పౌరులు ఖాళీగా కూర్చున్నారు అనే మోటు వాదన కన్నా ఇది ఎంత బలంగా ఉందో నీకే తెలుస్తుంది. ఇది ఒక పెద్ద పేరా చెయ్యి, తొందరపడకు.

ఇక అవతలి పక్షం. "చర్చించండి" అన్నాక అవతలి పక్షం లేకపోతే సగం మార్కులు అక్కడే పోతాయి. ఎలెన్ మైక్సిన్స్ వుడ్ వంటివాళ్లు ప్రజాస్వామ్యానికి వెన్నెముక స్వతంత్ర రైతే గానీ బానిస కాదంటారు. డి సెయింట్ క్రోయ్ దానికి జవాబు లాంటిది చెప్తాడు: ఉత్పత్తిలో ఎక్కువ భాగం స్వతంత్రుల చేతుల్లోనే జరిగి ఉండొచ్చు, అయినా ధనికులకు మిగులు వచ్చింది మాత్రం ప్రధానంగా బానిసల వంటి స్వేచ్ఛ లేని మనుషుల శ్రమ నుంచే. చూశావా, ఇద్దరూ ఒకే మాట మీద కొట్లాడుకోవడం లేదు, ఒకరు ఎవరు ఎక్కువ పని చేశారు అంటున్నారు, ఇంకొకరు మిగులు ఎవరి జేబులోకి పోయింది అంటున్నారు. ఈ తేడా పట్టుకుని రాశావంటే ఇక నిన్ను కథ చెప్పావు అనేవాళ్లు ఉండరు. చరిత్రకారుల పేర్లు తోరణంలా గుచ్చడం మాత్రం వద్దు. రెండు పేర్లు, వాళ్ల మధ్య తగువేంటో ఒక వాక్యం, అంతే.

ఆధారాలకి వద్దాం, ఎందుకంటే మార్కులు తేలేది ఇక్కడే. ప్రాచీన సమాజం మీద రాసేటప్పుడు ప్రతి ఆధారం పక్కన ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది ఎవరు, ఎప్పుడు, ఎవరి కోసం చెప్పారు?

ఒక ఉదాహరణ చెప్తాను, గైడుల్లో తరచూ కనిపించే తప్పు. డిమీట్రియస్ అనే పాలకుడు క్రీ.పూ. 4వ శతాబ్దం చివర్లో జనాభా లెక్క తీయిస్తే 21,000 మంది పౌరులు, 10,000 మంది మెటిక్‌లు (అంటే అక్కడ స్థిరపడ్డ బయటివాళ్లు), 4,00,000 మంది బానిసలు అని తేలిందట. ఈ లెక్క మనకి అందింది అథీనియస్ అనే రచయిత ద్వారా, ఆయన క్రీ.శ. 200 ప్రాంతంవాడు, అంటే ఐదు వందల ఏళ్లు తర్వాత. నాలుగు లక్షల మందికి తిండి ఎక్కడి నుంచి వచ్చేదో ఆలోచిస్తేనే తెలుస్తుంది, ఆ అంకె నిలవదని. ఇది నిజమని రాస్తే మైనస్. "ఇలా ఒక అంకె ఉంది, ఇందువల్ల నమ్మలేం" అని రాస్తే ప్లస్. దానికి పోటీగా థూసిడిడీస్ అనే చరిత్రకారుణ్ని పెట్టు: క్రీ.పూ. 413లో ఏథెన్స్ శత్రువులైన స్పార్టా వాళ్లు ఏథెన్స్ దగ్గరి డెసిలియాలో కోట కట్టుకుని కూర్చున్నాక 20,000 మందికి పైగా బానిసలు ఏథెన్స్ నుంచి పారిపోయారని, వాళ్లలో ఎక్కువమంది పనితనం తెలిసినవాళ్లని చెప్తాడు. ఆయన ఆ కాలంవాడే. ఆ అంకె కూడా అంచనాయే, కాదనను. కానీ దాని కన్నా పెద్ద విషయం, అవకాశం రాగానే ఇంతమంది పారిపోయారంటే బానిసలు తమ స్థితిని ఒప్పుకుని బతికారన్న మాట అబద్ధమని తేలిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం వేరే ఉంది, చిన్నది. ఇతరుల కోసం ప్రసంగాలు రాసిచ్చే లిసియాస్ రాసిన ఒకదానిలో ఒక వికలాంగుడు తనకి వచ్చే రోజుకి ఒక ఒబోల్ (చిన్న వెండి నాణెం) పింఛను ఆపొద్దని కౌన్సిల్ ముందు మొరపెట్టుకుంటాడు. అక్కడ మాటల్లో మాటగా, నాకున్న వృత్తి మీద పెద్దగా రాదు, దాన్ని చూసుకోవడానికి ఇంకా ఒక మనిషిని కొనుక్కోలేకపోయాను అంటాడు. పింఛను మీద బతికేవాడు కూడా బానిసను కొనుక్కోవాలని అనుకోవడం మామూలు విషయమే అన్నమాట ఆ సమాజంలో! అంతమాత్రాన పేదలందరికీ బానిసలున్నారని కాదు, ఈయనకి లేడు కదా. ఒకే ఆధారం రెండు వైపులా పని చేస్తోంది, అది గమనించి రాయడమే విశ్లేషణ అంటే. అలాగే ఎరెక్థియాన్ గుడి కట్టినప్పటి లెక్కలు రాతి మీద దొరికాయి, అందులో పౌరులు, మెటిక్‌లు, బానిసలు ఒకే పనికి ఒకే కూలితో పక్కపక్కనే కనిపిస్తారు. బానిస కూలి యజమానికి పోయేదనుకో, అది వేరే సంగతి. జెనోఫోన్ చెప్పే నికియాస్ అనే ధనికుణ్ని కూడా పక్కన పెట్టుకో. ఆయన వెయ్యి మంది బానిసలను తలకి రోజుకి ఒక ఒబోల్ చొప్పున గనులకు అద్దెకి ఇచ్చాడట. గుడి దగ్గర శిల్పం చెక్కే బానిసకి, గనిలో ఊపిరాడని బానిసకి మధ్య ఉన్న దూరం ఒక్క వాక్యంలో చెప్పగలిగితే "బానిసలు" అని అందరినీ ఒకే గాటన కట్టలేదని దిద్దేవాళ్లకి అర్థమవుతుంది.

అరిస్టాటిల్‌ని అందరూ వాడతారు, బానిస ప్రాణమున్న పనిముట్టు అన్నాడని. వాడుకో, తప్పులేదు. కానీ ఆయనే అదే చోట, బానిసత్వం ప్రకృతి విరుద్ధం, చట్టం వల్లే ఒకడు బానిస ఒకడు యజమాని అయ్యారని కొందరు అంటున్నారని కూడా చెప్తాడు. అంటే ఆ రోజుల్లోనే దీని మీద వాదన నడిచింది. ఇది రాసినవాళ్లు తక్కువ, నువ్వు రాయి.

స్త్రీల మీద ప్రశ్న వచ్చినా ఇదే పద్ధతి. పెరిక్లీస్ ప్రసంగంలో (థూసిడిడీస్ రాసినట్టు) మగవాళ్ల నోట మంచికీ చెడుకీ తక్కువగా వినబడటమే ఆడదానికి గొప్ప అంటాడు. జెనోఫోన్ చూపించే ఇస్కోమాకస్ అనే ధనికుడి భార్య పెళ్లినాటికి పదిహేనేళ్లు కూడా నిండని పిల్ల, లోపలే పెరిగింది. ఇవి చదివి "ఏథెన్స్ స్త్రీలు గడప దాటలేదు" అని రాసేస్తారు. ఇవన్నీ ఉన్నవాళ్ల ఇళ్ల సంగతులు, అవి కూడా మగవాళ్లు ఇలా ఉండాలి అనుకున్నవి. పేదింటి ఆడవాళ్లను బయటికి వెళ్లొద్దని ఎలా ఆపుతాం అని అరిస్టాటిలే అడుగుతాడు. డెమోస్తనీస్ రాసిన ఒక కోర్టు ప్రసంగంలో ఒకతను తన తల్లి అంగడిలో రిబ్బన్లు అమ్మిందని, వేరేవాళ్ల బిడ్డకు పాలిచ్చిందని, అది పేదరికం వల్లేనని చెప్పుకుంటాడు. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ తెచ్చిన చట్టం ప్రకారం తల్లి, తండ్రి ఇద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే బిడ్డ పౌరుడు, కాబట్టి ఓటు లేని ఆ తల్లి పుట్టుక మీద కొడుకు పౌరసత్వం మొత్తం ఆధారపడింది. ఈ మెలిక చూపిస్తే చాలు.

ఇంకొకటి, ఏథెన్స్ అంటే గ్రీసు కాదు. ప్రశ్న "గ్రీకు సమాజం" అని ఉంటే స్పార్టా రాకపోతే తప్పు, ఏథెన్స్ అని ఉంటే స్పార్టా మీద పేజీలు రాయడం తప్పు. హెలట్లు, ఏథెన్స్ బానిసలు ఒకటి కాదు: హెలట్లు స్పార్టా వాళ్లకు లోబడి, మెసీనియా, లకోనియాల్లో తమ నేల మీదే కుటుంబాలతో ఉండి పంటలో వాటా ఇచ్చుకున్న గ్రీకులు. ఏథెన్స్ బానిస ఎక్కడి నుంచో కొనుక్కొచ్చిన ఒంటరి మనిషి. అందుకే హెలట్లు మూకుమ్మడిగా తిరగబడగలిగారు, ఏథెన్స్ బానిసలు ఎక్కువగా పారిపోయారు. స్పార్టా గురించి ప్లూటార్క్‌ను వాడితే మాత్రం, ఆయన స్పార్టాకు చట్టాలు చేశాడని చెప్పుకునే లికర్గస్ కాలానికి ఎన్నో వందల ఏళ్ల తర్వాత, రోమన్ల పాలనలో రాశాడని ఒక ముక్క చేర్చు.

రోమ్‌కి వద్దాం. రోమ్ మీద రాసేవాళ్లు చేసే తప్పు వేరే రకం. మొత్తం వెయ్యేళ్లను ఒకే ముద్దగా చూస్తారు. క్రీ.పూ. 494లో ప్లెబియన్లు (కులీన వంశాలకు చెందని పౌరులు) పట్టణం వదిలి వెళ్లిన నాటి రోమ్, క్రీ.పూ. 133లో పేదలకు భూమి పంచాలన్న టైబీరియస్ గ్రాకస్ హత్య నాటి రోమ్, క్రీ.శ. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ దాదాపుగా పౌరసత్వం ఇచ్చిన నాటి రోమ్ ఒకటెలా అవుతాయి? ప్రశ్నలో కాలం ఇవ్వకపోతే నువ్వే మొదటి పేరాలో గీత గియ్యి, "ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా రిపబ్లిక్ చివరి రెండు శతాబ్దాలను తీసుకుంటున్నాను" అని. అలాగే పాట్రీషియన్ (కులీన వంశంవాడు) అంటే ధనికుడు, ప్లెబియన్ అంటే పేదవాడు అని రాయకు. ధనిక ప్లెబియన్లు ఉన్నారు, వాళ్లే క్రీ.పూ. 367 తర్వాత రోమ్‌లో అన్నిటికన్నా పెద్దవైన కాన్సల్ పదవులకు ఎక్కారు. పేద ప్లెబియన్ల గోడు అప్పులు, భూమి. ఒకే పోరాటంలో రెండు రకాల కోరికలున్నాయని చెప్పడమే అక్కడ నీ వాదన.

రోమ్‌లో బానిసలకు పైకి వచ్చే దారి ఉందా అని అడిగితే? ఇది రావడానికి అవకాశం ఎక్కువ, కాబట్టి కొంచెం చెప్తా. ఉంది అనడానికి గట్టి సాక్షి ఒక శత్రువు: మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్, లారిస్సా పట్టణానికి రాసిన ఉత్తరంలో రోమన్లు విడుదలైన బానిసలకు కూడా పౌరసత్వం ఇస్తారు చూడండి, అందుకే వాళ్లు పెరుగుతున్నారని చెప్తాడు. గ్రీకు పట్టణాల్లో అలా లేదు, విడుదలైన బానిస ఏథెన్స్‌లో మెటిక్ స్థాయి దాటడం చాలా అరుదు. లేదు అనడానికి క్రీ.శ. 61 నాటి సంఘటన ఉంది, టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. పెడానియస్ సెకుండస్ అనే నగరాధికారిని ఒక బానిస చంపితే, పాత ఆచారం ప్రకారం ఆ ఇంట్లోని 400 మంది బానిసలనూ చంపాలని సెనేట్ తీర్మానించింది. జనం వీధుల్లోకి వచ్చి అడ్డుపడ్డారు, నీరో చక్రవర్తి దారి పొడవునా సైనికులను నిలబెట్టి మరీ చంపించాడు. రెండూ పక్కపక్కనే పెట్టి, ఏది నిజం అని కాకుండా, రెండూ ఒకే వ్యవస్థలో ఎలా ఇమిడాయో చెప్పు: విడుదల ఆశ కూడా, సామూహిక శిక్ష భయం కూడా యజమాని చేతిలో పనిముట్లే. పైగా రోమ్ చుట్టుపక్కల దొరికిన సమాధి రాళ్లలో విడుదలైన బానిసల పేర్లు చాలా ఎక్కువ, అది చూసి అందరూ విడుదలయ్యేవాళ్లని అనుకోకూడదు. పైకి వచ్చినవాడే రాయి వేయించుకోగలడు, పొలాల్లో చచ్చినవాడికి రాయి ఎవరు వేస్తారు? ముసలి ఎద్దుతో పాటు ముసలి బానిసను, జబ్బు బానిసను కూడా అమ్మేయమని కేటో అనే రోమన్ నాయకుడు తన వ్యవసాయ పుస్తకంలో సలహా ఇచ్చాడు. ఆ బానిసలకు సమాధి రాళ్లు లేవు.

ఒక మాట, రోమన్ రచయిత ప్లినీ గురించి. ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌ల సొమ్ము ఇండియాకు పోతోందని ఆయన వాపోయాడని మనవాళ్లు ప్రతి రోమన్ వ్యాసంలోనూ దూర్చేస్తారు, దాని వెనకే మన దగ్గర దొరికిన రోమన్ నాణేలు, సాతవాహనులు కూడా వచ్చేస్తారు. వ్యాపారం మీద ప్రశ్న అయితే బంగారంలా వాడుకో. సమాజం మీద ప్రశ్న అయితే ముట్టుకోకు.

టైము సంగతి. మూడు గంటల్లో ఐదు ప్రశ్నలంటే ఒక్కోదానికి 35 నిమిషాలు, అందులో మొదటి ఐదు నిమిషాలు రాయొద్దు. ఆన్సర్ షీట్ చివరి పేజీలో నీ జవాబు ఒక్క వాక్యంలో, దాని కింద మూడు నాలుగు ఆధారాలు, అవతలి పక్షం ఒకటి రాసుకుని, రఫ్ అని కొట్టేయి. చుట్టూ అందరూ గబగబా రాసేస్తుంటే భయమేస్తుంది, వేయనీ. ఇంట్లో ప్రాక్టీస్ కూడా పూర్తి వ్యాసాలు రాసి చెయ్యక్కర్లేదు, పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని ఒక్కో ప్రశ్నకి మొదటి పేరా, ఆధారాల జాబితా మాత్రమే రాయి. నీ క్లాసులో 14 వచ్చినవాళ్ల పేపర్ అడిగి చదువు, సిగ్గుపడకు.

చివరిగా చిల్లర విషయాలు. పేర్లు తెలుగులో ఎలా రాసినా పర్వాలేదు, ఒకసారి థూసిడిడీస్, ఇంకోసారి తుసిడైడ్స్ అని మాత్రం మార్చకు. క్రీ.పూ. తేదీలు వెనక్కి నడుస్తాయి కాబట్టి 5వ శతాబ్దం అంటే 500 నుంచి 401 దాకా, సోలన్ 6వ శతాబ్దం వాడు, గ్రాకస్ 2వ శతాబ్దం వాడు. తేదీ గుర్తు రాకపోతే శతాబ్దం రాయి, ఊహించి అంకె వేయకు. పేపర్ ఇచ్చే ముందు రెండు నిమిషాలు పెట్టి క్రీ.పూ., క్రీ.శ. తారుమారు కాలేదని ఒక్కసారి చూసుకో. టాసిటస్ చెప్పిన 61కి ముందు క్రీ.పూ. అని పడిందంటే నీరో పుట్టకముందే సైనికులను పంపించినట్టు అవుతుంది.